మురికికాలవ గట్టు విష్ణుక్రాంత

పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో నాకు సరిగ్గా చేతనైన పని ఒక్కటి కూడా లేదు. టెక్కలి దగ్గర మా పల్లెలో కట్టెల పొయ్యి మీద వంట నేర్చుకున్నదాన్ని. ఇక్కడ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో బొగ్గుల పొయ్యి. దాన్ని అంటించడానికి నాకు గంట పట్టేది. ఆ గంటసేపూ మా వరసలో ఉన్న ఎనిమిది ఇళ్ల వాళ్లూ దగ్గేవారు. కుళాయి దగ్గర హిందీ, బజార్లో బెంగాలీ, ఇంట్లో అత్తగారి చూపు. ఈ మూడు భాషల్లో నాకు ఒక్కటీ రాదు. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. సైరన్ కూయగానే సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. నేనూ, అత్తా, ఆరిపోయిన పొయ్యీ మిగిలేవాళ్లం.

అందుకని నేను ఒక గొప్ప వెతుక్కున్నాను. మా అమ్మని కన్న తాత ఆకుపసర్ల వైద్యుడని వచ్చిన వారంలోనే అందరికీ చెప్పేశాను. ఇది అబద్ధం కాదు. మా తాత చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్న వైద్యుడే. కాకపోతే పశువులకు. ఎద్దుకు కడుపు ఉబ్బినా, ఆవు పాలు ఎగ్గొట్టినా, దున్నపోతు కాలికి పుండు లేచినా ఆయనకే కబురొచ్చేది. ఆ చిన్న వివరం నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఇక నేను ఆయన దగ్గర నేర్చుకున్న విద్యంటారా, మందు నూరిన రోలు కడగడం. అది కూడా సరిగ్గా కడగనని తిట్లు తినేదాన్ని.

ఆ ఏడు వినాయక చవితికి అత్త పీట మీద పత్రి సర్దుతోంది. మా ఆయన పూజ పుస్తకం చూసి ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఆవిడ ఒక్కొక్క ఆకూ వేరు చేసి పెడుతోంది. మారేడు ఉంది, ఉమ్మెత్త ఉంది, రేగు ఉంది, ఉత్తరేణి ఉంది. విష్ణుక్రాంత దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"పుస్తకంలో ఇరవైయొక్కటి రాసినారు గానీ మనకెప్పుడూ ఇరవయ్యే తేల్తాయి," అంది అత్త. "ఆ విష్ణుక్రాంత ఏటో, ఎలాగుంటాదో ఈ సెటిల్‌మెంట్లో ఎవులికీ తెల్దు."

"నాకు తెలుసత్తా," అన్నాను.

ఎందుకన్నానంటే, ఆ పొద్దున్నే ఉండ్రాళ్ల పిండి మాడబెట్టి ఉన్నాను. ముందు రోజు అత్త పట్టుచీర ఆరేస్తూ బొగ్గుల కుప్ప మీద పడేసి ఉన్నాను. ఆ ఇంట్లో నాకు తెలుసు అని అనడానికి అప్పటిదాకా ఒక్క సందర్భమూ రాలేదు. వచ్చినదాన్ని వదులుకోలేకపోయాను.

అత్త చేతిలో ఉత్తరేణి కొమ్మ పీట మీద పెట్టేసి నా మొహంలోకి చూసింది. "నీకు తెలుసేటి? అయితే ఎల్లి అట్టుకురా."

వెనక తలుపు తీసుకుని బయటికొచ్చాను. విష్ణుక్రాంత గురించి నాకున్న జ్ఞానమంతా కూడదీసుకుంటే రెండు మాటలు తేలాయి: మొక్క చిన్నది, పువ్వు నీలం. క్వార్టర్ల వెనక ఇళ్లలో వాడకం నీళ్లన్నీ పారే కాలవ ఒకటుండేది. వానాకాలం కదా, దాని గట్టంతా పచ్చగా ఒత్తుగా ఉంది. ఆ పచ్చదనంలో అక్కడక్కడా రెండు రేకులతో ఎలక చెవుల్లాగ నీలం పువ్వులు. మొక్క చిన్నదే. పువ్వు నీలమే. ఇంకేం కావాలి? కొంగు దోపుకుని నాలుగు కొమ్మలు తెంపి, కుళాయి కింద రెండుసార్లు కడిగి తెచ్చాను.

అత్త వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేనేటి?"

"ఇదే."

"సరిగ్గా సూసినావా?"

"మా తాత సేతిలో ఎన్నిసార్లు సూడనేదు!"

మా ఆయన "విష్ణుక్రాంత పత్రం పూజయామి" అన్నాడు. నేను భక్తిగా మురికికాలవ ఆకు వినాయకుడి పాదాల దగ్గర పెట్టాను. దేవుడేమీ అనలేదు. అత్త మాత్రం కుళాయి దగ్గర నలుగురితో అంది. ఇన్నేళ్లకి మా ఇంట్లో ఇరవైయొక్క పత్రీ పూర్తయింది, మా కోడలికి మొక్కలు బాగా తెలుసు, వాళ్లది వైద్యుల కుటుంబం అని. అత్త నోట నా గురించి మంచిమాట రావడం అదే మొదలు. అది విన్నాక నిజం చెప్పడం నావల్ల కాలేదు.

మరుసటి ఏడాది చవితి నాడు తెల్లవారేసరికి మా గుమ్మంలో ఐదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన వర్క్‌షాపు కుటుంబాల వాళ్లే. "ఏమ్మా, కాస్త ఆ విష్ణుక్రాంత సూపించవా?" అన్నారు. నేను ముందు నడిచాను, వాళ్లు వెనక. ఆ పైఏడు పన్నెండుమంది అయ్యారు. అంతమంది వెనక నడుస్తుంటే ఊరికే చూపించి వచ్చేస్తే ఏం బాగుంటుంది? అందుకని నియమాలు పెట్టాను. తెంపేటప్పుడు మాట్లాడకూడదన్నాను. కుడిచేత్తోనే తెంపాలన్నాను. గోరు తగలకూడదన్నాను. ఒకావిడ వేరే ఏదో నీలం పువ్వు తెచ్చి ఇది కాదా అని అడిగితే, దాన్ని చూడనైనా చూడకుండా, "కాదు, రెండు రేకులుండాలి" అని పక్కన పడేశాను. ఆవిడ తెచ్చినది ఏమిటో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చల్లబడుతుంది. అదే అసలుదేమో కూడా.

ఇలా నాలుగేళ్లు నడిచింది. బొగ్గుల పొయ్యి అంటించడం కూడా ఆపాటికి వచ్చేసింది. అక్కడితో ఆగినా బాగుండేది.

ఐదో ఏడు చవితి వెళ్లిన కొద్దిరోజులకి మా ఆయనకి పై గ్రేడు ట్రేడ్ టెస్టు పడింది. ఆయన చేతిపనికి వంక పెట్టేవాడు లేడు. ఆకురాయి పట్టుకుని ఇనపముక్క అరగదీస్తే వెంట్రుక మందం తేడాని బొటనవేలితో చెప్పేవాడు. ఆయన చావంతా నోటి ప్రశ్నల దగ్గర. ఎదురుగా ఫోర్‌మన్ కూర్చుని అడిగితే, సొంత పేరు కూడా ఓ క్షణం ఆలోచించి చెప్పేవాడు. అంతకు ముందు ఒకసారి అలాగే తెలిసిన జవాబులన్నీ మింగేసి తిరిగొచ్చాడు. పుస్తకం ముందేసుకుని, "సదివింది సదివినట్టు ఎగిరిపోతందే," అని దిగులుపడుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా తాత మనుషులకు ఇచ్చిన మందు నాకు తెలిసి ఒక్కటే. బడికెళ్లే పిల్లలకు జ్ఞాపకశక్తి కోసం విష్ణుక్రాంత నూరి పాలలో ఇచ్చేవాడు. ఇది నిజం. నేనూ తాగాను. తాగినా ఏమీ జ్ఞాపకం లేదన్నది ఈ కథంతా చెబుతూనే ఉంది.

"మావా, మూడు రోజులు పొద్దున్నే పరగడుపున తాగావంటే ఫోర్‌మన్ ఏటడిగినా టకటకా సెప్పేస్తావు," అన్నాను.

"నాకొద్దే. నాకు పసరు వాసన పడదు."

అత్త నా పక్షాన నిలబడింది. "తాగీరా నాయినా. దానికి తెలుసు. దేవుడికి పెట్టిన పత్రే కదా, నిన్నేటి సేస్తాది?"

తాగాడు. మూడు రోజులు. టెస్టు రోజున మాత్రం, ఎందుకైనా మంచిదని, రెండింతలు నూరాను.

పది గంటలకల్లా మా ఆయన సైకిల్ మీద కాకుండా దాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. సైకిల్ గోడకి ఆన్చి నేరుగా దొడ్లోకి పోయాడు. వచ్చి మంచం మీద వాలాడు. మళ్లీ లేచి దొడ్లోకి పోయాడు. ఇలా నాలుగు సార్లయ్యాక అత్త పక్కన కూర్చుని అడిగింది.

"ఏటయిందిరా? టెస్టు ఎలాగయింది?"

"సేతిపని అయిపోయిందమ్మా. ఫస్టుగా సేసినాను. నోటి ప్రశ్నలకి పిలిసినారు. ఫోర్‌మన్ సాబు మొదటి ప్రశ్న అడిగినాడు. జవాబు ఇలాగ నాలిక మీదుంది. ఈలోగా కడుపులో తిప్పింది. సలాం కొట్టి పరుగెత్తినాను. మల్లా వొచ్చీసరికి నా వొంతు దాటిపోయింది. మల్లీసారి రమ్మన్నారు."

"మరి జ్ఞాపకం?" అన్నాను నేను. ఆ సమయంలో ఆ మాట ఎలా అడిగానో నాకే తెలియదు.

ఆయన కళ్లు మూసుకునే అన్నాడు: "జ్ఞాపకానికేటి, బెమ్మాండంగా ఉన్నాది. మా షాపులో దొడ్డి ఎక్కడున్నాదో, ఎన్ని అడుగులున్నాదో, ఏ పక్క తలుపు గడియ పడదో, అన్నీ గుర్తొచ్చీసినాయి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికైనా నాకు అనుమానం రావాలి కదా. రాలేదు. మంచి మందు ముందు లోపలంతా శుభ్రం చేస్తుందని అత్తకి నచ్చజెప్పాను.

ఆ మధ్యాహ్నం గోడకి అవతలింటి బెంగాలీ ఆవిడ వచ్చింది. వాళ్లాయన గూడ్స్ బండి గార్డు. ఆవిడ నాకంటే ఆరేడేళ్లు పెద్ద. బౌదీ అని పిలిచేదాన్ని, వాళ్ల మాటలో వదిన. ఆవిడ మా ఆయన్ని దాదా అనేది, అంటే అన్న. మా ఇద్దరికీ కలిసిన భాష హిందీయే, అది కూడా ఇద్దరికీ అంతంత మాత్రం. మాట తెలియనిచోట ఆవిడ బెంగాలీ వేసేది, నేను తెలుగు వేసేదాన్ని. మా ఆయనకి ఒంట్లో బాగాలేదని విని పచ్చి అరటికాయతో పల్చటి పులుసు చేసి గిన్నెలో తెచ్చింది. కడుపు చెడినవాళ్లకి వాళ్లు పెట్టేది అదే. గిన్నె పెట్టడానికి వంటింట్లోకి వచ్చి, నేను కడగకుండా వదిలేసిన రోలు చూసింది. పక్కన మిగిలిన కొమ్మ చూసింది.

"ఏ తో ఢోల్‌పాతా!" అంది. "నాలీ కే పాస్ వాలా, కాలవ పక్కది. దీన్ని మేం బాతులకి వేస్తాం. దాదాకి ఇదా తాగించావు?"

"ఇది విష్ణుక్రాంత బౌదీ," అన్నాను.

"బిష్ణుక్రాంతా!" ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "బిష్ణుక్రాంతా అంటే అపరాజితా. తీగ. మా కంచె మీద ఉన్నదే. నాకు తెలియదా? ఆమార్ దాదు కోబిరాజ్ ఛిలేన్."

వాళ్ల తాత కవిరాజు, అంటే వైద్యుడట. ఇక చూడండి. పక్కింట్లో ఇంకో తాత ఉన్నాడని తెలియగానే నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. మా తాత గొప్పా మీ తాత గొప్పా అన్నదాకా వెళ్లింది. మంచం మీద మా ఆయన మూలుగుతున్నాడు. వంటింట్లో మేమిద్దరం రెండు ముక్కల హిందీతో ఆయుర్వేదం చర్చిస్తున్నాం. బౌదీ గబగబా వాళ్లింటికి పోయి మనం శంఖపుష్పం అనే ఆ తీగ ఒకటి తెంపి తెచ్చి నా ముందు పడేసింది. "ఇది పెట్టు మీ దేవుడికి!" అంది. "మా దేవుడికి ఏది పెట్టాలో మాకు తెలుసు," అన్నాను. ఆవిడ అరటికాయ పులుసు గిన్నె మాత్రం వదిలేసి, మిగతా స్నేహమంతా పట్టుకుని వెళ్లిపోయింది. పులుసు మా ఆయనకి బాగా పనిచేసింది. అది కూడా నాకు నచ్చలేదు.

రెండు వారాలు మా మధ్య మాటల్లేవు.

మాటలు లేకపోయేసరికి ఆలోచించడానికి తీరిక దొరికింది. ఒకరోజు బియ్యం ఏరుతుంటే, మా తాత నన్ను వెంటబెట్టుకుని మందుమొక్కలకు వెళ్లిన దారి కళ్లకు కట్టింది. ఊరికి కాలవ ఒక పక్కనుంటే ఆయన రెండో పక్కకు, గుట్ట కిందికి, నీటిచుక్క లేని రాళ్లనేలలోకి తీసుకెళ్లేవాడు. నా కాళ్లు కాలుతున్నాయని గొణిగేదాన్ని. అక్కడ నేలకు అంటుకుపోయిన మొక్క నుంచి ఒక ఆకు తెంపి నా బుగ్గ మీద రాసేవాడు. పిల్లి చెవిలాగ మెత్తగా నూగు ఉండేది. నేను చేసిన మందులో నూగు ఎక్కడ? నేల ఎక్కడ? ఎండు నేల మొక్కని నేను ఐదేళ్లుగా మురికినీళ్ల గట్టు మీద తెంపిస్తున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పరువు పోతుంది. ముందు అసలుదాన్ని పట్టుకోవాలి, తర్వాత ఎలాగోలా మెల్లగా మార్చేయాలి అనుకున్నాను. మధ్యాహ్నం మా ఆయన భోంచేసి మళ్లీ డ్యూటీకి వెళ్లాక, అత్త నడుం వాల్చాక, గొడుగు వేసుకుని బయల్దేరేదాన్ని. సెటిల్‌మెంట్ దాటితే సాలువా వైపు అంతా ఎర్ర మొరం నేల. పాదం పెడితే గరగరమంటుంది. అక్కడక్కడ సాల్ చెట్లూ రేగుపొదలూ తప్ప వాన వెలిసిన గంటకే ఎండిపోయే భూమి. మొదటిరోజు గంట వెతికాను. నీలం అన్నది ఆకాశంలో తప్ప ఎక్కడా లేదు. రెండోరోజు పల్లేరుకాయలు గుచ్చుకుని కుంటుతూ వచ్చాను. "కాలికేటయింది?" అని అత్త అడిగితే కుళాయి దగ్గర జారానన్నాను.

మూడోరోజు ఒక రేగుపొద పక్కనుంచి తిరిగేసరికి, అవతల నేల మీద ఇంకో నల్లగొడుగు కనపడింది. గొడుగు కింద ఎవరో గొంతుక్కూర్చుని నేల వెతుకుతున్నారు. చీర అంచు చూసి గుర్తుపట్టాను. బౌదీ!

ఆవిడా తలెత్తి నన్ను చూసింది.

"క్యా హువా?" అంది, ఏమీ ఎరగనట్టు.

"మేక తప్పిపోయింది," అన్నాను.

"మీకు మేక ఎక్కడిది?"

నేను కూడా అడిగాను: "మరి నువ్వేటి సేస్తన్నావు బౌదీ?"

ఆవిడ గొడుగు సర్దుకుని, "నాది కూడా... మేకే," అంది.

ముందు ఆవిడకే నవ్వొచ్చింది. తర్వాత నాకూ ఆగలేదు. ఆ ఎండలో, ఆ ఎర్రమట్టిలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు తగ్గాక ఆవిడే చెప్పింది. వాళ్ల తాత కవిరాజు కాదు, కవిరాజు గారింట్లో మందులు దంచే మనిషి. నాతో పోట్లాడి వెళ్లాక తనకీ అనుమానం పట్టుకుందట. తాత బస్తాల్లో ఎండిన చిన్న మొక్కలు తెచ్చేవాడు గానీ, కంచె మీద తీగలు కోయడం ఎప్పుడూ చూడలేదని గుర్తొచ్చిందట.

"మీ తాత నయం. నిజం వైద్యుడు," అంది.

ఇక దాచలేకపోయాను. "వైద్యుడే బౌదీ. పశువులకి."

"పశు?"

"గాయ్. బైల్." తల మీద రెండు వేళ్లు కొమ్ముల్లాగ పెట్టి చూపించాను.

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "అయితే దాదాకి ఎద్దుల మందు పోశావా!" అని మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి నాకు అంత నవ్వు రాలేదు.

మా నవ్వులు విని దారిన పోతున్న సంతాల్ ముసలమ్మ ఆగింది. తల మీద సాల్ ఆకుల కట్ట. వారానికొకసారి సెటిల్‌మెంట్లోకి విస్తళ్ల ఆకులు తెచ్చి అమ్మేది ఆవిడే. ఏం పోయిందని అడిగింది. బౌదీ బెంగాలీలో చెప్పింది. చిన్న మొక్క, నీలం పువ్వు, ఆకుకి నూగు ఉంటుంది అని. ముసలమ్మ కట్ట దించకుండానే మమ్మల్ని ఎగాదిగా చూసి, కాలి బొటనవేలితో నేల చూపించింది. బౌదీ కూర్చున్న చోటే.

బౌదీ ఉలిక్కిపడి లేచింది. ఆవిడ చీర కింద నేలకి అంటుకుని, పుల్లల్లాగ నలువైపులా పాకిన మొక్క. బూడిదరంగు చిన్న ఆకులు. చుట్టూ చూస్తే ఒకటి కాదు, నేలంతా అవే. మూడు రోజులుగా నేను వాటిని తొక్కుకుంటూ వాటికోసమే తిరుగుతున్నాను.

"పువ్వేదీ?" అన్నాను.

"దుపురే ఘుమోయ్. సొకాలే ఏసో," అంది ముసలమ్మ. మధ్యాహ్నం నిద్రపోతుంది, పొద్దున్న రండి. వాళ్ల భాషలో దానికో పేరు కూడా చెప్పింది. మా ఇద్దరికీ నోరు తిరగలేదు. ఇంతోటి దానికి ఇద్దరు ఆడవాళ్లు గొడుగులేసుకు రావాలా అన్నట్టు చూసి తన దారిన పోయింది.

ఆడవాళ్లకి తీరిక మధ్యాహ్నం, పువ్వుకి తీరిక పొద్దున. మర్నాడు గుడికని అత్తకి చెప్పి, అన్నం పొయ్యి మీద పెట్టి, చూస్తూ ఉండమని ఆవిడకి అప్పగించి, ఎనిమిదింటికే బౌదీతో వెళ్లాను. ఆ నేలేనా అనిపించింది. ఎర్రటి మొరం మీద ఎక్కడ చూసినా నీలపు చుక్కలు. ముక్కుపుడక అంత ఉంటుందేమో ఒక్కొక్క పువ్వు. గుండ్రంగా, పొద్దుటి ఆకాశం రంగులో. వంగి ఒక ఆకు తెంపి బుగ్గకి రాసుకున్నాను. మెత్తగా తగిలింది. మా తాత చేతికి పొగాకు వాసన వచ్చేది. అదొక్కటీ లేదు.

గుడికని చెప్పి వచ్చాం కాబట్టి తిరిగొచ్చేటప్పుడు నిజంగానే సెటిల్‌మెంట్ గుడికి వెళ్లాం. పూజారి గారికి కొమ్మ చూపించాను.

"ఇదేనమ్మా విష్ణుక్రాంత. ఎక్కడ దొరికింది?" అన్నాడాయన సంతోషంగా. తర్వాత నన్ను గుర్తుపట్టాడు. "చవితికి అందరికీ కాలవ దగ్గర ఆకు చూపించేది మీరే కదూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. "మీకు తెలుసా? తెలిసి చెప్పలేదేమండీ?"

"ఒక్కటి తప్పని చెబితే మిగతా ఇరవై కూడా చూడమంటారు తల్లీ," అన్నాడాయన. "అవి చూడ్డం మొదలుపెడితే నాకు పండగ ఎల్లుండికి గానీ తెమలదు." ఆ కాలవగట్టు మొక్కని మన వైపు వెన్నవెదురు అంటారని, కూర వండుకుంటారని కూడా చెప్పాడు. మొక్క తప్పు కాదు, అది తాగిన నీళ్ల తప్పన్నమాట.

ఇంటికొచ్చి అత్తతో చెప్పేశాను. పశువుల సంగతి కూడా. ఆవిడ మాడకుండా దించిన అన్నం గిన్నె పక్కన కూర్చుని అంతా విని, "నాకూ తెల్దు కదే, నీ మొకం సూసి నమ్మీసినాను," అంది. కోపం లేదు. "నీకన్నా ముందు నానేటి సేసీదాన్నో తెలుసా? విష్ణుక్రాంత అన్నప్పుడు ఉత్తరేణే రెండోసారి పెట్టీసేదాన్ని. నీదే కాస్త నయం. పువ్వైనా ఉండీది," అంది.

మా ఆయనకి చెప్పడమే కష్టమైంది. అన్నం వడ్డించి, ఆయన చెయ్యి కడుక్కునే దాకా ఆగి చెప్పాను. ఆయన చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అయితే మల్లీసారి టెస్టుకి ఆ అసలుది నూరతావేటి?" అని మెల్లగా అడిగాడు.

"నూరమంటావా?"

"వొద్దు," అన్నాడు, నా మాట ముగిసీ ముగియకుండానే. ఆరు నెలల తర్వాత టెస్టు రోజున ఆయన నా చేతి మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. వర్క్‌షాపు గేటు దగ్గర టీ తాగి లోపలికి వెళ్లి, నోటి ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి, పాసై వచ్చాడు. ఆనందంతో పాటు కాస్త చిన్నతనం కూడా అనిపించింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు.

ఆ పైఏడు చవితికి గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లకి నిజం చెప్పి, మొరం నేల నుంచి తెచ్చిన అసలు కొమ్మలు చేతికిచ్చాను. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "ఇంత ఎండుపుల్లలా ఉన్నాదేటమ్మా?" అంది ఒకావిడ. సగంమంది తీసుకున్నారు. మిగతా సగం మర్యాదకి తలూపి, నేను లోపలికి వెళ్లాక కాలవ దగ్గరికే వెళ్లారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వెళుతూనే ఉన్నారు. అది నేను నేర్పిందే కాబట్టి నోరెత్తలేదు.

అత్తకి ఆ పువ్వు పూసి ఉండగా చూడాలనిపించింది. అప్పటికి ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఒక ఆదివారం కాని రోజున పొద్దున్నే రిక్షా మాట్లాడి, బౌదీని కూడా ఎక్కించుకుని ముగ్గురం వెళ్లాం. రిక్షాలో ఇరుక్కుని, అత్త నా ఒళ్లో సగం, బౌదీ ఒళ్లో సగం. అక్కడ నేల మీద గోనె పరిచి కూర్చోబెట్టాం. అత్త ముందుకు వంగి, కళ్లు చికిలించి చూసింది.

"ఇంతేనేటి? ఇంత సిన్నదా!" అంది. "దీనికోసమేటే ఇంత గొడవ సేసినారు?"

ఇక వెళదామంటే లేవలేదు. "మజ్జాన్నం ముడుసుకుంటాదని సెప్పినావు కదా. అది కూడా సూసీ ఎల్దాం," అంది. నేను వంట సంగతి గుర్తు చేశాను. వినలేదు. బౌదీ తమలపాకుల పెట్టె తీసింది. ముగ్గురం ఆకులు నములుతూ కూర్చున్నాం. వాళ్లిద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. అయినా అత్తాకోడళ్ల గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను మధ్యలో కూర్చుని రెండు వైపులా విన్నాను. దూరం నుంచి వర్క్‌షాపు భోజనం సైరన్ వినపడింది. పువ్వులు ఒక్కసారిగా ఏమీ ముడుచుకోలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే ఇక్కడొకటి, అక్కడొకటి కనిపించకుండా పోయాయి. చివరికి ఎర్ర నేల మిగిలింది. అత్త అప్పుడు చెయ్యి అందించమంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తాళం నా కొంగునే ఉండిపోయింది. "ఎక్కడికెల్నారు ముగ్గురూ?" అన్నాడు.

"పువ్వు నిద్రపోయినదాకా కూసున్నాంరా," అంది అత్త, అదేదో రోజూ ఉండే పనిలాగ. "కూడు ఇంకా వొండనేదు."

తలుపు తీశాక మా ఆయనే వెనక్కి వెళ్లి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, బొగ్గులు పేర్చి విసనకర్ర అందుకున్నాడు. నేను బియ్యం కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లాను.